చదువు ఆపాలా, కొనసాగించాలా: సంఘం ముందు పెట్టిన నా లెక్క

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం వీవోఏ చేసిన ప్రసంగం ఇది. సభ అయిపోయాక చాలామంది సభ్యులు అడిగినందున ఈ నివేదికలో ముద్రిస్తున్నాం.)



ప్రతి ఏడాదీ ఈ సభలో నేను లెక్కలే చదువుతాను. మా గ్రామ సంఘం పొదుపు ఇంత, బ్యాంకు లింకేజీ ఇంత, స్త్రీనిధి ఇంత, బకాయి ఇంత అని చదివి కూర్చుంటాను. ఈసారి అధ్యక్షురాలు నన్ను పిలిచి, "నీ సంఘం లెక్క చాలు, నీ సొంత లెక్క చెప్పు. చదువుకునే ఆడపిల్లలు ప్రతి ఊర్లో ఉన్నరు, వాళ్లకు పనికొస్తది" అన్నది. నాకు ప్రసంగాలు రావు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను 2012లో ఇంటర్ పాసై, మా అమ్మగారి ఊరి దగ్గర టౌనులో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీలో చేరాను. మొదటి ఏడాది పరీక్షలు రాశాక ఎండాకాలంలో పెళ్లి చేశారు. పెళ్లి మాటలప్పుడు మా నాయన ఒక్కటే అడిగాడు, బిడ్డ చదువు సంగతి ఏంది అని. "మేమే చదివిస్తం" అన్నారు మా అత్తగారి వాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు కూడా నేను ఆ మాటే అంటాను. చదివించాలనే ఉండె. కానీ అత్తగారి ఊరి నుంచి కాలేజీ దూరం ఎంత, పొద్దున ఏ బస్సు ఉంది, ఆ బస్సు టైముకు వంట ఎవరు చేయాలి, పరీక్ష ఫీజు ఏ నెలలో ఎవరు కట్టాలి, ఇవేవీ ఎవరూ మాట్లాడుకోలేదు. రెండు నెలలు తిరిగాను. పత్తి ఏరే రోజులు వచ్చాయి, మానేశాను. తర్వాత కడుపుతో ఉన్నాను. 2014లో బాబు పుట్టాడు. చదువు ఆపుదామని ఒక్కనాడు కూడా ఎవరం అనుకోలేదు. అదే ఆగిపోయింది.

ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, టీసీ అన్నీ కాలేజీలోనే ఉన్నాయి. వాటికోసం పోతే, మిగిలిన రెండేళ్ల ఫీజు కడితేనే ఇస్తామన్నారు. చదవని రెండేళ్లకు ఫీజు ఏంటని అడగడానికి నాకు ధైర్యం లేదు, అడగొచ్చన్న సంగతీ తెలియదు. నాలుగుసార్లు తిరిగి, బతిమాలి, చివరికి 8,000 కట్టి తెచ్చుకున్నాను. ఆ ఎనిమిది వేలు మా అమ్మ తన సంఘంలో అప్పు తీసుకుని ఇచ్చింది. కాలేజీలు పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. ఈ ముక్క ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను. మీ పిల్లలు ఎవరైనా ఇట్లా ఇరుక్కుంటే ఒంటరిగా పోకండి. సంఘం నుంచి ఇద్దరు తోడు పోండి, దరఖాస్తు రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు ఒక కాపీ మీద సంతకం తీసుకోండి.

2018లో మా గ్రామ సంఘం నన్ను వీవోఏగా పెట్టుకుంది. పుస్తకాలు రాయడం, మీటింగులు పెట్టించడం, బ్యాంకుకు తిరగడం, ఫోన్లో యాప్ ఎంట్రీలు. పని చేస్తుంటే ఒక సంగతి తెలిసింది. పై పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా ముందు అడిగేది డిగ్రీ. పని వస్తుందా అని తర్వాత అడుగుతారు. 2021లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ తెలుగు మీడియంలో చేరాను. మనలాంటి వాళ్ల కోసమే 1982లో పెట్టిన యూనివర్సిటీ అది. రోజూ కాలేజీకి పోనక్కర్లేదు. పుస్తకాలు ఇస్తారు, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో క్లాసులు ఉంటాయి, సెమిస్టర్‌కోసారి పరీక్షలు. మా దగ్గరి సెంటర్ నల్గొండ.

రెండేళ్లు, అంటే నాలుగు సెమిస్టర్లు ఎట్లాగో గట్టెక్కాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆరు దాకా చదివేదాన్ని. అసలు కష్టం 2023 జూన్‌లో వచ్చింది. మూడో ఏడాది ఫీజు కట్టే టైము అది. అదే నెలలో మూడు మాటలు ఒకేసారి ఇంట్లో లేచినయి.

మొదటి మాట మా ఆయనది. బాబుకు ఎనిమిదేళ్లు నిండినయి, ఇంకొకరు కావాలి, ఇంకెప్పుడు అన్నాడు. రెండో మాట మా అత్తమ్మది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "నా కాళ్లు ఆడినన్నొద్దులే నేను పిల్లల్ని చూస్త. నువ్వు ఇంకో ఐదేండ్లు ఆగితే నన్నే ఒకరు చూడాలె" అన్నది. మూడోది నా పని. మా ఊర్లో ఆ ఏడు లింకేజీ రుణాలు రెన్యువల్ చేయాల్సిన సంఘాలు చాలా ఉండె. రాత్రి తొమ్మిది దాకా ఫోన్లు.

ముగ్గురి మాటల్లో ఎవరిదీ తప్పు లేదు. అదే నాకు పెద్ద తిప్పలు అయింది. ఎవరన్నా కొట్టో తిట్టో చదువు మానమంటే ఎదురు తిరగొచ్చు. ప్రేమగా, న్యాయంగా అడుగుతుంటే ఏం చేస్తాం? నాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. పదిహేను రోజులు నిద్ర లేదు. ఫీజు గడువు దగ్గర పడుతోంది. కడదామంటే భయం, మానుదామంటే ఏడుపు.

అప్పుడు నేను చేసిన పని ఇదొక్కటే. మా చిన్న సంఘం మీటింగులో, పొదుపులు, కిస్తీలు వసూలయ్యాక, "నాదొక అంశం ఉంది" అని చెప్పి ముందు పెట్టాను. ఇంటి విషయం సంఘంలో పెడుతదా అని ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. కానీ ఆలోచించండి. గేదె కొనడానికి అప్పు అడిగితే మనం ఇంటి విషయాలన్నీ అడుగుతాం కదా. ఎంత కావాలి, దేనికి, ఎట్లా కడతావు, మధ్యలో కష్టం వస్తే ఎవరు ఆదుకుంటారు. ఈ నాలుగూ అడగకుండా సూక్ష్మ రుణ ప్రణాళికలో పేరు రాయం. నా చదువుకు కూడా అవే నాలుగు ప్రశ్నలు వేయమని అడిగాను. మినిట్స్ పుస్తకం చివరి పేజీ తిప్పి నేనే రాసుకుంటూ పోయాను.

మొదటిది, ఎంత. ఫీజు, పరీక్ష ఫీజు, ఆదివారం బస్సు కిరాయి, జిరాక్సులు, అక్కడ తిండి కలిపితే ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు వచ్చింది. పదివేలు అనుకున్నాం. సంఘం అంతర్గత అప్పు నూటికి నెలకు రూపాయి వడ్డీ. నెలకు వెయ్యి అసలు చొప్పున పది కిస్తీల్లో కడితే వడ్డీ మొత్తం 550 రూపాయలు. ఇది మోయలేని బరువు కాదని అందరికీ కనపడింది. నేను రాత్రిళ్లు భయపడ్డది పైసల గురించి కాదని నాకూ అప్పుడే తెలిసింది.

రెండోది, టైము. వారంలో నాకు ఎన్ని గంటలు కావాలని అడిగారు. తెల్లవారుజాము గంటన్నర చొప్పున ఐదు రోజులు, అవి కాక క్లాసు ఉన్న ఆదివారం పూర్తిగా అన్నాను. ఒకామె, "ఆదివారం పూట నువ్వు ఇంట్లో లేకపోతే మొగుడికి, పిలగానికి ఎట్ల? అదొక్కటే కదా అందరూ ఇంట్ల ఉండేది" అన్నది. నిజమే. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దామె, ఇప్పటికీ వేలిముద్రే వేస్తది, ఆమె అడిగిన మాట చెప్తాను. "ఏమే బిడ్డా, సరే, చదువు బందు పెడ్తవ్ అనుకో. ఆ ఆదివారం నీకు మిగుల్తదా?" అన్నది. నేను ఆగి ఆలోచించాను. చదువు మానేసిన ఆ మొదటి ఎనిమిదేళ్లలో ఆదివారాలు ఏమైనయో గుర్తు చేసుకున్నాను. చేనుకు పోయినయి, బట్టలకు పోయినయి, చుట్టాలకు పోయినయి. ఒక్కటి కూడా పిల్లవాడి పక్కన కూర్చున్న ఆదివారం కాదు, నేను పండుకున్న ఆదివారం కాదు. చదువు మానేస్తే ఇంటికి టైము మిగుల్తదని అనుకుంటాం. మిగలదు అక్కలారా. ఏదో ఒక పని వచ్చి దాన్ని నింపుతది. నిజంగా ఇంటికి టైము కావాలంటే దానికీ వేరే ఏర్పాటు చేసుకోవాలి. అందుకని ఆరోజే ఒకటి రాసుకున్నాను: క్లాసు లేని ఆదివారం మధ్యాహ్నం నుంచి ఫోన్ ఆఫ్. సంఘం పని లేదు, పుస్తకం లేదు. ఆ పూట ఇంటిది.

మూడోది, ఒళ్లు. ఇది మా ఆశా కార్యకర్త ఎత్తింది, ఆమె కూడా మా సంఘం సభ్యురాలే. "పిల్లను కంటవో, చదువుతవో తర్వాత సంగతి, ముందు నీకు రక్తం ఎంతుందో చూపించుకున్నవా?" అన్నది. మరుసటి వారం ప్రభుత్వ దవాఖానకు పోతే తొమ్మిది చిల్లర ఉంది. ఆ రక్తంతో గర్భం వద్దు, ముందు పెంచుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్ మాత్రలు, తిండి, నాలుగు నెలలు. ఇంట్లో ఇన్ని మాటలు అనుకున్నాం, ఈ మాట ఎవరికీ తోచలేదు.

నాలుగోది, మనుషులు. కష్టం వస్తే ఎవరు? ఇక్కడ మా యారాలు మాట్లాడింది. ఆమెది వేరే అభిప్రాయం. "పిల్ల పుట్టినంక చదువొచ్చు. చదువు అయిపోయినంక పిల్లలు పుడ్తరన్న నమ్మకం ఏంది? వయసు నీ కోసం ఆగుతదా?" అన్నది. ఆ మాట కూడా తీసిపారేసేది కాదు. అత్తమ్మ మోకాళ్ల మాట, యారాలు వయసు మాట రెండూ కలిపి చూస్తే, బిడ్డను వాయిదా వేయడం కష్టం అని తేలింది. పరీక్షలను మాత్రం వాయిదా వేసుకోవచ్చు. ఓపెన్ డిగ్రీలో మూడేళ్లకే ఖచ్చితంగా ముగించాలని లేదు. మిగిలిన పేపర్లు తర్వాత రాసుకోవచ్చు. ఎన్నేళ్లలోపు అనే గడువు మాత్రం ఉంటది. అది చేరేటప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి.

అట్లా దారి దొరికింది. చదువు ఆపడం లేదు, బిడ్డను ఆపడం లేదు. ముందు నాలుగు నెలలు ఒంట్లో రక్తం. ఐదో సెమిస్టర్ ఎట్లాగైనా రాయాలి. ఆరోది కుదిరితే సరి, లేకపోతే కాన్పు తర్వాత. ఆ పేజీ తీసుకుపోయి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆయన టెన్త్ దాకా చదివాడు, ఆటో నడుపుతాడు. అంతా విని, "ఇంత చేసినంక కూడా నౌకరీ రాకపోతే?" అన్నాడు. రాకపోవచ్చు అన్నాను. వస్తుందని అబద్ధం చెప్పి ఒప్పిస్తే రేపు ఆయన అడిగినప్పుడు నేను ఏం చెప్పాలి? కాసేపు కూర్చుని, "సరే, కట్టు" అన్నాడు. ఆ "సరే" వెనక సంతోషం ఎంతో, భయం ఎంతో నేను అడగలేదు.

అనుకున్నట్టే అన్నీ జరిగితే నేను ఇక్కడ ఇంతసేపు మాట్లాడే పనే లేదు. ఆ ఏడాది డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది, ఆడవాళ్లకు బస్సు ఉచితం. నా లెక్కలో ఒక ఖర్చు గీత కొట్టేసుకున్నాను. అప్పటికి నాకు రెండో నెల. కానీ అదే బస్సు వల్ల మా ఆయన ఆటో స్టాండులో ఖాళీగా నిలబడింది. ఊరి నుంచి టౌనుకు పోయే ఆడవాళ్లే ఆయనకు సగం కిరాయి. నేను బస్సెక్కి చదువుకోడానికి పోతుంటే, ఆయన స్టాండులో నుంచి చూస్తుండె. ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అయింది. ఫైనాన్సు కిస్తీ తప్పింది. మళ్లీ అదే ప్రశ్న, ఆపాలా అని.

ఈసారి పదిహేను రోజులు ఏడవలేదు. ఆ పేజీ మళ్లీ తీశాను. ఫీజు ఇప్పటికే కట్టేశాం, ఆపితే అది తిరిగి రాదు. ముందున్న ఖర్చు పరీక్ష ఫీజు ఒక్కటే. అంటే ఆపితే మిగిలేది తక్కువ, పోయేది ఎక్కువ. కష్టం ఉన్నది కిస్తీల దగ్గర. సంఘంలో చెప్పి రెండు నెలల అసలు వాయిదా చివరకు జరిపించుకున్నాను, వడ్డీ మాత్రం ఆపలేదు. మా ఆయన బడి పిల్లలను నెలకింత అని మాట్లాడుకున్నాడు, తెల్లారి కూరగాయల లోడు మొదలుపెట్టాడు. ముందటి అంత రాదు, కానీ నిలదొక్కుకున్నాం.

ఐదో సెమిస్టర్ కడుపుతోనే రాశాను. ఆరో సెమిస్టర్ టైముకు నెలలు నిండుతున్నాయి, డాక్టరమ్మ ప్రయాణాలు వద్దన్నది, రాయలేదు. 2024 ఆగస్టులో పాప పుట్టింది. తర్వాతి ఏడు, పాలు తాగే పాపను తీసుకుని పరీక్షలకు పోయాను. మా ఆయన ఆరోజుల్లో కిరాయి వదులుకుని ఆటోలో మమ్మల్ని నల్గొండ దాకా తెచ్చాడు. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతోనే సెంటర్ బయట వేపచెట్టు కింద పాపను పట్టుకుని మూడు గంటలు కూర్చున్నది. నేను బయటికి రాగానే, "రాసినవా?" అని అడగలేదు. "ముందు దీనికి పాలియ్యి, గంట నుంచి ఏడుస్తుంది" అన్నది.

ఫలితాలు వచ్చాయి. ఒక పేపర్ పోయింది. ఈ రోజు మీ ముందు నిలబడ్డ నేను ఇంకా డిగ్రీ పాస్ కాలేదు. ఒక్క పేపర్ ఉంది, ఫీజు కట్టాను. పై పోస్టు కూడా రాలేదు. మరి ఏం మిగిలింది అని మీరు అడగొచ్చు. ఇప్పటికి నాకు తెలిసింది చెప్తాను. పన్నెండేళ్ల కింద నా చదువు నాకు తెలియకుండా ఆగింది. ఈసారి ఏది ఎప్పుడు చేయాలో నేను కూర్చుని తేల్చుకున్నాను, ఇంట్లో అందరికీ తెలిసి జరిగింది. అదీగాక మా బాబు ఇప్పుడు పొద్దున నా పక్కన లేచి కూర్చుంటాడు. వాడి పుస్తకం వాడిది, నాది నాది.

నా కథ విని అందరూ ఇట్లాగే చేయాలని అనుకోకండి. పక్క ఊరి గ్రామ సంఘంలో ఒక చెల్లె ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా భర్తకు యాక్సిడెంట్ అయింది. ఆమె కూడా కూర్చుని లెక్క వేసుకుంది. చదువు పక్కన పెట్టి, స్త్రీనిధి రుణంతో రెండు గేదెలు తెచ్చుకుంది. తన మెమోలన్నీ తెచ్చుకుని భద్రంగా పెట్టుకుంది, యూనివర్సిటీ గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కుంది. ఆమె చేసింది ముమ్మాటికీ సరైన పని. ఆమెను చూసి "చదువు ఆపేసింది పాపం" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి ఈ ఏడు జరిగింది. మా సంఘం సభ్యురాలి బిడ్డ, పంతొమ్మిదేళ్లు, టౌనులో డిగ్రీ రెండో ఏడాది. సాయంత్రాలు బట్టల షాపులో పని చేసి తన ఖర్చులు తనే చూసుకుంటది. మంచి సంబంధం వచ్చింది. "పెండ్లయినంక మేమే చదివిస్తం" అన్నారు వాళ్లు. ఆ మాట వినగానే నాకు పన్నెండేళ్ల కిందటి మా నాయన ముఖం గుర్తుకు వచ్చింది. ఆ తల్లితో, "సంబంధం వదులుకోవద్దు, కానీ మాటను విప్పి అడగండి" అని చెప్పాను. ఏ కాలేజీలో? ఏ బస్సుకు? పరీక్ష ఫీజు ఎవరు కడతారు? పరీక్షల నెలలో వంట ఎవరిది? పిల్లలు ఎప్పుడు అనుకుంటున్నారు? షాపు పని ఉంటదా, మానాలా? ఆ అమ్మాయి ఎదురుగానే ఉండి ఇవన్నీ మాట్లాడుకున్నారు. అప్పుడు అబ్బాయి తల్లే అన్నది, "ఇవన్నీ ఆలోచిస్తే మా ఊరి నుంచి కుదిరేటట్టు లేదు. ఇంకొక ఏడాదేనాయె, చివరి పరీక్షలు అయిపోయినంకనే పెండ్లి పెట్టుకుందాం" అని. నిశ్చితార్థం అయింది. అమ్మాయి కాలేజీకి పోతోంది. అడిగితే సంబంధం చెడిపోతదని భయపడ్డాం. అడిగినందుకే ఆ ఇంటివాళ్ల మంచితనం తెలిసింది.

పెద్దలు నడిచిన దారి కూడా ఉంది మనకు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. బయటికి వచ్చాక బెనారస్ మెట్రిక్ కట్టి పాసైంది, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, మద్రాసులో లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. తను మధ్యలో ఆగి చదివింది కాబట్టే ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఆగిపోయిన వాళ్లకు మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పించింది. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టడం మనతో మొదలైంది కాదు.

టైము అయిపోతోందని సీసీ మేడం చూస్తున్నారు. రాసుకోవలసినవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, చదువు ఆపినా, మారినా, ముందు మెమోలు, టీసీ చేతికి తెచ్చుకోండి. జిరాక్సులు ఒకటి ఇంట్లో, ఒకటి పుట్టింట్లో పెట్టుకోండి.

రెండు, రెగ్యులర్ కాలేజీలో చదువుతూ కడుపుతో ఉన్న అమ్మాయి వెంటనే మానేయనక్కర్లేదు. డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబర్‌లో యూనివర్సిటీలకు లేఖ రాసింది. ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు.

మూడు, టెన్త్ దగ్గరో, ఇంటర్ దగ్గరో ఆగిన వాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. ఒకేసారి అన్ని సబ్జెక్టులూ రాయాలని లేదు. నలభై ఏళ్లు దాటిన అక్కలు కూడా రాయొచ్చు. సిగ్గుపడకండి.

నాలుగు, ఇది ఈ మహాసభను నేను అడుగుతున్న కోరిక. మన సూక్ష్మ రుణ ప్రణాళికలో "పిల్లల చదువు" అని ఒక గడి ఉంది. సభ్యురాలి సొంత చదువుకు గడి లేదు. నాకు అప్పు ఇచ్చినప్పుడు కూడా "ఇతరములు" అనే రాశారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి గ్రామ సంఘం "సభ్యురాలి చదువు" అని ఒక వరుస పెట్టాలి. అట్లాగే పరీక్షల నెలలో సంఘం లీడర్, వీవోఏ, పుస్తకాలు రాసే వాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఆ నెల పని ఇంకొకరు పంచుకునేటట్టు తీర్మానం చేయాలి. ఐదో సెమిస్టర్ అప్పుడు పక్క ఊరి వీవోఏ అక్క నా యాప్ ఎంట్రీలు చేసి పెట్టింది. అది ఆమె మంచితనం. మంచితనం అందరికీ దొరకదు, తీర్మానం అయితే అందరికీ దొరుకుతది.

మొన్న మా పెద్దామె, వేలిముద్ర వేసే ఆమె, నన్ను ఆపి అడిగింది. "ఆ ఒక్క పేపరు ఎప్పుడే?" అని. తేదీ రాలేదు అన్నాను. "వస్తే చెప్పు. ఆనాడు పాపను నేను పట్టుకుంట, మీ అత్త మోకాళ్లకు చాతకాదు" అన్నది. తేదీ రాగానే ముందు ఆమెకే చెప్తాను.

 

(ప్రసంగం తర్వాత ఈ రెండు అంశాలు చర్చకు వచ్చాయి. "సభ్యురాలి చదువు" వరుసను సూక్ష్మ రుణ ప్రణాళికలో చేర్చాలని మహాసభ తీర్మానించింది. పరీక్షల నెలలో పని పంచుకునే విషయాన్ని గ్రామ సంఘాలు తమ సమావేశాల్లో చర్చించి తెలపాలని కోరింది.)